క్లియర్ అలైనర్లతో మొదటి నెల: రోజుకు 22 గంటలు పెట్టుకోవడం ఎలా

నాకు అలైనర్లు, అంటే వంకర పళ్ళను సరిచేయడానికి ఒకదాని తర్వాత ఒకటి పళ్ళకు తొడుక్కునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు, ఉన్నాయని తెలిసిన ప్రతి ఒక్కరూ రెండే అడుగుతారు. నొప్పి పుడుతుందా? పైకి కనిపిస్తాయా? నొప్పి రెండు మూడు రోజులు ఉండి తగ్గుతుంది. బాగా దగ్గరికి వచ్చి చూస్తే తప్ప కనిపించవు. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. రోజుకు నాలుగు టీలు తాగే మనిషి, పప్పూ పులుసూ లేనిదే ముద్ద దిగని మనిషి, రోజులో 20 నుంచి 22 గంటలు ఆ ట్రేలను పళ్ళకు ఎలా ఉంచుకోవాలి?

నేను 19 నెలలు పెట్టుకున్నాను. కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం, అంటే రోజంతా మాట్లాడే పని. ఆ అనుభవంతో చెబుతున్న వరస ఇది. మీ డాక్టర్ చెప్పినదానికీ దీనికీ ఎక్కడైనా తేడా వస్తే డాక్టర్ మాటే వినండి, మీ పళ్ళ ఎక్స్‌రే చూసింది ఆయనే.

## 1. స్కానింగ్‌కి ముందే తేల్చుకోవాల్సినవి

ట్రేలు మీ పళ్ళ ఆకారానికి అచ్చుగా తయారవుతాయి. స్కానింగ్ అయ్యాక ఫిల్లింగ్ వేయించినా, క్యాప్ పెట్టించినా ఆ పన్ను ఆకారం మారిపోతుంది, ట్రే సరిగ్గా కూర్చోదు. అందుకే పుచ్చుపళ్ళ పని, క్లీనింగ్ అన్నీ ముందే చేయించుకోవాలి. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటే అది తగ్గేదాకా మొదలుపెట్టకూడదు.

నోట్లో ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించిన కృత్రిమ పన్ను, ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఇంప్లాంట్ ఎముకకు పట్టేసి ఉంటుంది కాబట్టి కదలదు. ఎముకల బలానికి మందులు వాడుతున్నవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు కూడా మొదటి రోజే చెప్పాలి.

డాక్టర్‌ను అడిగి రాసుకోవాల్సినవి:

- మొత్తం ఎన్ని ట్రేలు? ఒక్కోటి ఎన్ని రోజులు? (సాధారణంగా 7 నుంచి 14 రోజులు)
- అటాచ్‌మెంట్లు, అంటే పంటి రంగులో అతికించే చిన్న బుడిపెలు, ఎన్ని పళ్ళకు వస్తాయి?
- చోటు కోసం పళ్ళ మధ్య కొంచెం అరగదీయాల్సి ఉంటుందా?
- పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య తగిలించే చిన్న రబ్బర్లు పెట్టుకోవాలా?
- ట్రే పోతే కొత్తదానికి ఎంత అవుతుంది?
- చివర్లో మళ్ళీ స్కాన్ చేసి అదనపు ట్రేలు ఇవ్వాల్సి వస్తే ఆ ఖర్చు ప్యాకేజీలో ఉందా? రిటైనర్లు, అంటే వైద్యం అయ్యాక పళ్ళు వెనక్కి జరగకుండా పెట్టుకునేవి, అందులోనే వస్తాయా?
- వైద్యం చూసేది ఆర్థోడాంటిక్స్‌లో (వంకర పళ్ళు సరిచేసే విభాగం) ఎం.డి.ఎస్., అంటే దంతవైద్యంలో పీజీ, చేసిన డాక్టరేనా?

చివరి ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. పడకండి. ఎక్స్‌రే తీయకుండా, చిగుళ్ళు చూడకుండా ట్రేలు చేతికిచ్చే చోట నేనైతే చేరను. పన్ను కదలడమంటే దాని చుట్టూ ఎముక ఒకవైపు కరిగి ఇంకోవైపు కట్టుకోవడం. లోపల ఎముక ఎలా ఉందో చూడకుండా చేసే పని కాదది.

## 2. సంచిలో ఉండాల్సిన సామాను

- ట్రే డబ్బాలు రెండు. ఒకటి ఇంట్లో, ఒకటి ఎప్పుడూ మీతో. ముదురు రంగువి తీసుకోండి, తెల్ల డబ్బా టేబుల్ మీద కంటికి ఆనదు.
- చ్యూయీలు. ట్రే పెట్టాక కొరికేందుకు ఇచ్చే మెత్తటి చిన్న గొట్టాలు.
- ట్రే తీసే చిన్న హుక్. గోళ్ళు పొట్టిగా ఉండేవాళ్ళకు ఇది లేకపోతే కష్టం.
- ప్రయాణాల బ్రష్, చిన్న పేస్టు, ఫ్లాస్.
- ఆర్థో వాక్స్, కొత్త నెయిల్ ఫైల్ ఒకటి. దేనికో కింద చెబుతాను.
- నీళ్ళ సీసా.

ఇవన్నీ పట్టే జిప్పు సంచి ఒకటి కొనుక్కోండి. రెండో వారానికల్లా ఫోన్‌తో పాటు దాన్నీ చేత్తో పట్టుకుని బయల్దేరడం అలవాటవుతుంది.

## 3. పెట్టడం, తీయడం: మొదటి రోజు అద్దం ముందు

క్లినిక్‌లో డాక్టర్ చూపించినప్పుడు సులువుగా అనిపిస్తుంది. ఇంటికొచ్చి మధ్యాహ్నం అన్నానికి కూర్చునే ముందు తీయబోతే రాదు. నాకు మొదటిసారి పది నిమిషాలు పట్టింది, వేళ్ళు జారుతూనే ఉన్నాయి. కాబట్టి క్లినిక్ నుంచి కదలకముందే డాక్టర్ ఎదురుగా మూడుసార్లు తీసి పెట్టి చూడండి.

పెట్టే వరస

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. ట్రేని చన్నీళ్ళతో ఒకసారి కడగండి.
2. ఏది పైది, ఏది కిందిదో చూసుకోండి. సాధారణంగా ట్రే మీద నంబరూ అక్షరమూ చెక్కి ఉంటాయి.
3. ముందు పళ్ళ మీద ఆనించి వేళ్ళతో మెల్లగా నొక్కండి. తర్వాత రెండువైపులా దవడ పళ్ళ మీద సమానంగా నొక్కుతూ వెళ్ళండి. టక్‌మని కూర్చుంటుంది.
4. చ్యూయీని ముందు పళ్ళ మధ్య, తర్వాత కుడివైపు, ఎడమవైపు పెట్టుకుని కొరకండి. కొత్త ట్రే అయితే ఐదు నుంచి పది నిమిషాలు.

ట్రేని సగం పెట్టి పళ్ళతో కొరికి ఎక్కించకూడదు. అందరూ చేసే తప్పు ఇదే. ట్రే పగులుతుంది, అటాచ్‌మెంట్ ఊడుతుంది.

తీసే వరస

1. వేళ్ళు తడి లేకుండా తుడుచుకోండి. టిష్యూతో పట్టుకుంటే జారదు.
2. చూపుడు వేలి కొనను అన్నిటికన్నా వెనకున్న దవడ పన్ను దగ్గర, నాలుక వైపున, ట్రే అంచు కిందకు పోనివ్వండి.
3. కొంచెం వదులు చేయండి, పూర్తిగా లాగొద్దు. రెండోవైపు కూడా అలాగే చేయండి.
4. రెండువైపులా వదులయ్యాక ముందుకు జరుపుతూ తీయండి.

ముందు పళ్ళ దగ్గర పట్టి లాగితే, లేదా ఒకవైపు నుంచే పీకితే ట్రే మధ్యలో చీలుతుంది. అటాచ్‌మెంట్లు కొత్తగా అతికించినప్పుడు పట్టు గట్టిగా ఉంటుంది. మూడు నాలుగు రోజులకు మీ వేలికే దారి తెలుస్తుంది.

## 4. మొదటి వారం: నొప్పి, నాలుక, మాట

ప్రతి ట్రే పన్నును దాదాపు పావు మిల్లీమీటరు జరిపేలా తయారవుతుంది. ఆ ఒత్తిడే మనకు నొప్పిగా తెలుస్తుంది. దవడ బరువుగా, పళ్ళు కొంచెం కదిలినట్టుగా ఉంటాయి. ఆ కొంచెం కదలిక మామూలే.

నొప్పికి మొదటి మందు సమయం ఎంచుకోవడం. కొత్త ట్రే ఎప్పుడూ రాత్రి భోజనం, బ్రష్ అయ్యాకే పెట్టుకోండి. ఎక్కువ ఒత్తిడి ఉండే గంటలు నిద్రలో గడిచిపోతాయి. మాత్ర అవసరమైతే ఏది వేసుకోవాలో డాక్టర్‌నే అడగండి. చాలామంది ఆర్థోడాంటిస్టులు పారాసిటమాల్ చెబుతారు.

నొప్పి పుడుతోందని ట్రే తీసి పక్కన పెడితే అప్పటికి హాయిగానే ఉంటుంది. రెండు గంటల తర్వాత మళ్ళీ పెట్టినప్పుడు ముందుకన్నా ఎక్కువ నొప్పి. పళ్ళు వెనక్కి జరగడం మొదలవుతుంది కదా.

ఆ మూడు రోజులూ ఇడ్లీ, ఉప్మా, మెత్తటి పప్పన్నం, పెరుగన్నం తినండి. జంతికలు, చేగోడీలు, చెరుకు ముక్కలు పక్కన పెట్టండి. గట్టివి కొరికితే అటాచ్‌మెంట్లు ఊడతాయి కాబట్టి మొదటి వారం తర్వాత కూడా జాగ్రత్తే.

అంచు నాలుకకో బుగ్గకో గీరుకుంటే అక్కడ కొంచెం వాక్స్ అద్దండి. రోజూ అదే చోట గీరుకుంటే ట్రే తీసి, ఆ అంచు ఒక్కటే నెయిల్ ఫైల్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడిగి పెట్టుకోండి. ఎక్కువ అరగదీయకండి. పుండు పడితే డాక్టర్‌కు చూపించాలి.

మాట. నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. స, శ, ష, చ, జ పలికేటప్పుడు గాలి ట్రే అంచు దగ్గర జారి కొంచెం నత్తిగా వినిపిస్తుంది. వినేవాళ్ళకన్నా మనకే ఎక్కువ తెలుస్తుంది. దీనికి మందు పైకి చదవడమే. రోజుకు పావుగంట పేపర్ పైకి చదవండి. ఆ తర్వాత మనమంతా చిన్నప్పుడు పోటీపడి అన్న మాట పది సార్లు, మొదట మెల్లగా, తర్వాత వేగంగా: లక్ష భక్ష్యాలు భక్షించు లక్ష్మయ్యకు ఒక భక్ష్యం లక్ష్యమా. ఐదో రోజుకు క్లాసులో ఎవరూ తల పైకెత్తి చూడలేదు. కొందరికి రెండు వారాలు పట్టొచ్చు.

మొదటి రెండు రోజులు నోట్లో నీళ్ళు ఊరతాయి, ఎందుకంటే ట్రేని నోరు ఆహారం అనుకుంటుంది. తర్వాత కొందరికి నోరు ఎండుతుంది. అప్పుడు సీసాలో నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండండి.

## 5. రెండు గంటల లెక్క

22 గంటలు పళ్ళకు ఉండాలంటే బయట ఉండేది 120 నిమిషాలు. డబ్బు లెక్కలా రాసుకుంటేనే ఇది నిలబడుతుంది. నా లెక్క ఇది:

- ఉదయం టిఫిన్, కాఫీ, బ్రష్ కలిపి: 35 నిమిషాలు
- మధ్యాహ్న భోజనం, బ్రష్: 40 నిమిషాలు
- సాయంత్రం టీ, తినేది ఏదైనా ఉంటే అదీ: 15 నిమిషాలు
- రాత్రి భోజనం, బ్రష్: 30 నిమిషాలు

ఇందులో కాఫీకి విడిగా గీత లేదని చూశారు కదా. పొద్దున్నే లేవగానే కాఫీ, గంటన్నర తర్వాత టిఫిన్ అన్న పద్ధతి కుదరదు. రెండూ ఒక్కచోటికి తేవాలి. టీ తాగడం పది నిమిషాల పనే అనుకుంటాం. తీయడం, తాగడం, మాటల్లో పడడం, పుక్కిలించి మళ్ళీ పెట్టడం కలిపితే పావుగంట. నాలుగు టీలకు ఒక గంట పోయింది.

ట్రే మీదనే టీ తాగేస్తే ఏమవుతుందని అడుగుతారు. మూడు నష్టాలు. వేడికి ప్లాస్టిక్ వంగి ఆకారం తప్పుతుంది. రంగు పడుతుంది. అన్నిటికన్నా పెద్దది, పాలూ చక్కెరా ట్రేకీ పంటికీ మధ్య చిక్కుకుని గంటలకొద్దీ అక్కడే ఉంటాయి. మామూలుగా లాలాజలం కడిగేసేది, ఇప్పుడు దానికి దారి లేదు. పంటి మీద తెల్ల మచ్చలు పడి, తర్వాత పుచ్చిపోతుంది. వంకర సరిచేసుకోబోయి పన్నునే పాడుచేసుకోవడం చాలా బాధాకరం. ట్రే ఉన్నప్పుడు మంచినీళ్ళు ఒక్కటే. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, నిమ్మరసం, సోడా ఏదీ వద్దు.

ఫోన్‌లో టైమర్ పెట్టండి. ట్రే తీసిన క్షణం మొదలు, పెట్టిన క్షణం ఆపు. మొదటి నెల రోజూ మొత్తం రాసుకోండి. ఏ రోజు ఎక్కడ జారిందో కాగితం మీద కనిపిస్తుంది. నాది ఆదివారాలు జారేది, మధ్యాహ్నం భోజనం తర్వాత అలాగే నిద్రపోయేవాణ్ణి.

ఒకరోజు 16 గంటలే అయితే డాక్టర్ దగ్గర దాచకండి. అవసరమైతే ఆ ట్రేని ఇంకొన్ని రోజులు పెట్టుకోమంటారు, అంతే. దాచి తర్వాతి ట్రేకి వెళ్తే అది పంటికి కూర్చోదు.

## 6. భోజనం దగ్గర వరస

మనం చేత్తో తింటాం, పసుపూ కారమూ తింటాం. దేశం కాని దేశంలో అచ్చువేసిన సూచనల్లో ఇవి ఉండవు. వరస ఇలా పెట్టుకోండి:

1. కంచం ముందు కూర్చోకముందే వాష్‌బేసిన్ దగ్గర ట్రే తీయండి. పదిమంది మధ్య నోట్లోంచి తీస్తే ఎంగిలి అని పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారు. "చేతులు కడుక్కుని వస్తాను" అంటే చాలు.
2. కడిగి, డబ్బాలో పెట్టి, మూత వేసి, సంచిలో పెట్టండి. టేబుల్ మీద కాదు.
3. తినండి. హడావిడి పడొద్దు, కానీ తిన్నాక కబుర్లు ట్రే పెట్టుకున్నాకే.
4. సబ్బుతో చేతులు బాగా కడగండి. ఆవకాయ కలిపిన వేళ్ళతో ట్రే పట్టుకుంటే పసుపు ట్రేకి అంటుకుంటుంది, కారం చిగుళ్ళ మీద మండుతుంది. ఒకసారి జరిగితే మరిచిపోరు.
5. బ్రష్, పళ్ళ మధ్య ఫ్లాస్. కుదరకపోతే గట్టిగా రెండు మూడుసార్లు పుక్కిలించి ట్రే పెట్టుకోండి, ఇంటికి రాగానే బ్రష్ చేయండి.
6. ట్రే పెట్టి, టైమర్ ఆపండి.

పసుపు గురించి ఇంకొంచెం. అటాచ్‌మెంట్లు ఫిల్లింగ్ లాంటి పదార్థంతో చేసినవి. పులుసు, పప్పు, టీ రంగు వాటికి పడుతుంది. పసుపు మానేయక్కర్లేదు, తిన్న వెంటనే బ్రష్ చేస్తే చాలావరకు నిలవదు. కొత్త ట్రే పెట్టుకున్న రోజు కన్నా మార్చబోయే ముందు రోజు పులిహోర తినడం మేలని నా లెక్క, అప్పుడు ట్రేకి రంగు పడినా పర్వాలేదు.

పెళ్ళి భోజనం. ట్రేలు ఎక్కువగా పోయేది ఇక్కడే. తీసి టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెడతాం. తిని లేచి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆకులన్నీ ఎత్తేసి ఉంటారు. నా పదకొండో ట్రే అలాగే పోయింది. వంటశాల వెనక ఆకుల కుప్ప ముందు నిలబడి వెతికినా దొరకలేదు. టిష్యూలో ఎప్పుడూ చుట్టకండి. డబ్బా లేకపోతే తీయకండి.

గుడిలో ప్రసాదం ఇస్తే కళ్ళకద్దుకుని ఆకులోనో కవర్‌లోనో తెచ్చుకుని భోజనంతో పాటు తినండి. కిళ్ళీ, వక్కపొడి ఈ వైద్యం అయ్యేదాకా మానేయడమే మంచిది.

## 7. ట్రేని శుభ్రం చేసే పద్ధతి

రోజుకు రెండుసార్లు, పళ్ళ బ్రష్‌తో కాకుండా విడిగా పెట్టుకున్న మెత్తటి బ్రష్‌తో, రంగూ ఘాటైన వాసనా లేని లిక్విడ్ సబ్బు ఒక చుక్క వేసి రుద్ది చల్లటి లేదా గోరువెచ్చని నీళ్ళతో కడగండి. తీసిన ప్రతిసారీ నీళ్ళతో కడగడం తప్పనిసరి.

చేయకూడనివి:

- వేడినీళ్ళు పోయడం, మరిగించడం
- పేస్టుతో రుద్దడం (సన్నటి గీతలు పడి ట్రే మసకబారుతుంది)
- రంగున్న మౌత్‌వాష్‌లో నానబెట్టడం
- ఎండలో ఆపిన కారులో వదిలేయడం. మన మే నెల ఎండకు ప్లాస్టిక్ వంగిపోవచ్చు
- కుక్కకు అందేచోట పెట్టడం. లాలాజలం వాసనకు అవి ట్రేలను నమిలేస్తాయి

## 8. ట్రే మార్చేముందు అద్దంలో చూడాల్సింది

వెలుతురులో నిలబడి పెదవి పైకెత్తి చూడండి. పన్ను అంచుకూ ట్రే లోపలి అంచుకూ మధ్య ఖాళీ ఉందా? ముఖ్యంగా కోరపళ్ళ దగ్గర, పై ముందు పళ్ళలో రెండు పక్కలవాటి దగ్గర. అటాచ్‌మెంట్ ట్రేలోని గూటిలో సరిగ్గా కూర్చుందా?

- ఖాళీ లేదు, ట్రే సులువుగా ఎక్కి దిగుతోంది: చెప్పిన రోజున మార్చండి.
- వెంట్రుకవాసి ఖాళీ ఉంది: ఆ పన్ను దగ్గర చ్యూయీని రోజుకు మూడు నాలుగుసార్లు ఎక్కువసేపు కొరకండి. మార్చే ముందు డాక్టర్‌కు ఫొటో పంపండి.
- ఖాళీ స్పష్టంగా కనిపిస్తోంది, లేదా వారం వారం పెరుగుతోంది: కొత్త ట్రేకి వెళ్ళకండి. క్లినిక్‌కు వెళ్ళండి.

మార్చాక పాత ట్రే పారేయకండి. నంబరున్న కవర్‌లో పెట్టి దాచండి. కనీసం ఇంతకుముందు వాడిన రెండూ చేతిలో ఉండాలి.

## 9. తేడా వస్తే

ట్రే పోయింది, పగిలింది. ఖాళీ నోటితో ఉండకండి. పాత ట్రే పెట్టుకుని డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆ ట్రే ఎన్ని రోజులు వాడారన్నదాన్ని బట్టి పాతదానితో ఆగమంటారో, తర్వాతిదానికి వెళ్ళమంటారో, కొత్తది చేయిస్తారో ఆయనే చెబుతారు. సొంతంగా రెండు నంబర్లు దాటించకండి. పెళ్ళిలో నాది పోయినప్పుడు పదో నంబరు ట్రేయే నన్ను కాపాడింది.

అటాచ్‌మెంట్ ఊడింది. కంగారు పడక్కర్లేదు. ట్రే పెట్టుకుంటూనే ఉండండి, ఫోన్ చేసి చెప్పండి. ఏ పంటిదో గుర్తుపెట్టుకోండి.

జ్వరం, వాంతులు. వాంతి వస్తుందనిపిస్తే ముందే తీసేయండి. తగ్గాక పుక్కిలించి, ట్రే కడిగి పెట్టుకోండి.

ప్రయాణం. వాడుతున్న ట్రే, దాని ముందుది, తర్వాతిది మూడూ చేతిసంచిలోనే. రైల్లో పై బెర్త్ మీద తీసి దిండు కింద పెట్టకండి, దుప్పట్లతో పాటు వెళ్ళిపోతుంది.

వెంటనే వెళ్ళాల్సినవి: ముఖమో చిగురో వాయడం, చీము, ఒక్క పన్ను మాత్రమే బాగా ఊగడం, నాలుగైదు రోజులైనా తగ్గని గట్టి నొప్పి, పెదవులో నాలుకో వాచి దురద రావడం.

## 10. చివరి ట్రే తర్వాత

ఆఖరి నంబరుతోనే పని అయిపోతుందని ముందే తేదీ పెట్టుకోకండి. చాలామందికి మళ్ళీ స్కాన్ చేసి ఇంకొన్ని ట్రేలు ఇస్తారు. ఏదో తప్పు జరిగిందని కాదు, కొన్ని పళ్ళు ప్లాన్‌లో గీసినంత తేలిగ్గా తిరగవు.

అటాచ్‌మెంట్లు తీసి పాలిష్ చేసిన రోజు నాలుకతో పళ్ళు తడిమితే నున్నగా, కొత్తగా ఉంటుంది. అదే రోజు రిటైనర్ కొలత ఇవ్వండి, అది వచ్చేదాకా చివరి ట్రే తీయకండి. మొదటి కొన్ని నెలలు ఎన్ని గంటలో డాక్టర్ చెబుతారు, తర్వాత రాత్రిపూట. ఎన్నేళ్ళని నేను కూడా అడిగాను. పళ్ళు అలాగే ఉండాలనుకున్నంత కాలం అన్నారు. నా రిటైనర్ డబ్బా మంచం పక్కన అలారం గడియారం పక్కనే ఉంటుంది. దీపం ఆర్పే ముందు చెయ్యి దాని మీదికే వెళ్తుంది.